కారణం లేని గొర్రె

మా పశు పరిశోధనా కేంద్రంలో గొర్రెను తూచడం పెద్ద పని కాదు. అది ఎందుకంత తూగిందో చెప్పడమే పెద్ద పని. ఆ పెద్ద పని నాది. నేను గణాంక నిపుణుణ్ణి. ఇక్కడ చేరి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో గొర్రెల పాక వైపు ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. నన్ను పనిదొంగ అనుకోకండి. లెక్క కట్టేవాడు గొర్రెను కళ్లారా చూస్తే దాని మీద అభిమానమో కోపమో పుట్టి లెక్క ఒక పక్కకు ఒరుగుతుందని మా శాస్త్రం హెచ్చరిస్తుంది. శాస్త్రం చెప్పింది కాబట్టి పాటించాను. పాక నా గదికి రెండు వందల అడుగుల దూరం. గాలి ఇటు తిరిగినప్పుడు వాసన వస్తుంది. అప్పుడు కిటికీ కూడా మూసేస్తాను.

ఈసారి ప్రయోగానికి తెచ్చిన గొర్రెలు ఇరవై నాలుగు, అన్నీ ఆడవే. పన్నెండింటికి కాయలు తీసేశాక మిగిలే ఉత్త వేరుశనగ కట్టె, మిగతా పన్నెండింటికి కట్టెతో పాటు చింతగింజల పిండి నాలుగు నెలలు పెట్టి, పిండి తిన్నవి ఎక్కువ బరువెక్కుతాయా లేదా చూడాలి. మా అనంతపురం వైపు వేసవిలో గొర్రెకు దొరికేది ఎండు కట్టే. కాబట్టి ఇది నిజంగానే పనికొచ్చే ప్రశ్న. మా కేంద్రంలో పనికొచ్చే ప్రశ్న పుట్టి చాలా రోజులైంది, అందుకే నాకూ కాస్త హుషారుగా ఉండింది.

గొర్రెలను చూసుకునేవాడి పేరు ఉరుకుందు. పద్నాలుగేళ్లుగా రోజుకూలీ. మేత వేసేదీ, తూచేదీ, మందు తాగించేదీ, చెవికి బిళ్ల కుట్టేదీ అతనే. అతన్నీ, అతనితో పాటు ఇంకో ముగ్గురినీ పర్మనెంటు చేయొచ్చని పైనుంచి అనుమతి వచ్చి ఏడాదైంది. నాలుగు పేర్లున్న ఆ ఫైలు డైరెక్టరు పరాంకుశంగారి బల్ల మీదే ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. "మంచి రోజు చూసి పెడతానయ్యా" అంటారాయన. నలభై అయిదేళ్లు నిండితే ఆ అనుమతి చెల్లదు. ఉరుకుందుకు వచ్చే శ్రావణానికి నిండుతాయి. రోజూ సాయంత్రం బరువుల కాగితం నా కిటికీలోంచి అందిస్తూ, "సార్, సంతకమేమన్నా పడెనా?" అని అడిగి వెళ్లేవాడు. పడలేదని చెప్పేవాణ్ణి. అది నాకు కచ్చితంగా తెలిసిన అంకె.

ఇంతలో పైనుంచి పెద్దసారు తనిఖీకి వచ్చారు. ఆయన చూడవలసినవి చాలా ఉన్నాయి, కానీ ఎండగా ఉండటం వల్ల గదిలో కూర్చుని పాత ప్రయోగం నివేదిక తెప్పించుకున్నారు. చివరి పేజీలో ఒక వరుస మీద వేలు పెట్టి ఆగిపోయారు.

"ఈ ముప్పై ఎనిమిది శాతం ఏమిటి?"

"కారణం తెలియని తేడా అండీ" అన్నాను. "ఒకే మేత పెట్టినా ఒక గొర్రె ఎక్కువ తూగుతుంది, ఇంకోటి తక్కువ తూగుతుంది. అందులో మనకు అంతుపట్టినంత రాసి, అంతుపట్టనిది విడిగా చూపిస్తాం."

"ఇది ఎవరి డ్యూటీ?"

"ఎవరిదీ కాదండీ. ప్రకృతి."

"ప్రకృతి ఏ విభాగం కింద వస్తుంది?"

నేను డైరెక్టరుగారి వైపు చూశాను. డైరెక్టరుగారు సూపరింటెండెంటు కామాక్షయ్య వైపు చూశారు. కామాక్షయ్య ముప్పై ఏళ్లుగా నియమావళి తలకింద పెట్టుకుని పడుకునే మనిషి. ఆయన కూడా నేల చూపులు చూశారు.

"అంటే ఈ కేంద్రంలో ముప్పై ఎనిమిది శాతం బరువు ఎవరి బాధ్యతా లేకుండా పెరుగుతోందన్నమాట!" అన్నారు పెద్దసారు. గొంతులో నిజమైన బాధ ఉంది.

పది రోజుల్లో ఉత్తర్వు దిగింది. 'ఇకమీదట ఏ ప్రయోగమునందును కారణము తెలియని తేడా మిగులరాదు. మిగిలిన యెడల అందుకు బాధ్యులను గుర్తించి, ఏడు దినములలోగా వ్రాతపూర్వక సంజాయిషీ కోరవలెను. సంజాయిషీ తృప్తికరముగా లేనిచో తగు చర్య తీసికొని, ఆ చర్యనే కారణముగా నమోదు చేయవలెను.' ఆ చివరి వాక్యాన్ని నేను నాలుగుసార్లు చదివాను. మనిషిని పీకేస్తే లెక్క సరిపోతుందని దాని భావం.

ఉత్తర్వును అమలు చేయడానికి మోడల్ ఎంపిక సంఘం ఏర్పడింది. డైరెక్టరు అధ్యక్షులు, కామాక్షయ్య కార్యదర్శి, విభాగాధిపతులందరూ సభ్యులు. గణాంకాలు తెలిసినవాణ్ణి కాబట్టి నన్ను ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు. ఆహ్వానితుడికి ఓటు లేదు, టీ ఉంది.

"మోడల్ అంటే ఏందో ముందు సెప్పు సార్" అన్నాడు షెడ్ల ఇంజినీరు జిలానీ.

"గొర్రె ఎందుకింత బరువుందో చెప్పే లెక్కండీ. మేత వల్ల ఇంత, వచ్చినప్పుడే లావుగా ఉండటం వల్ల ఇంత, వయసు వల్ల ఇంత. ఈ మూడు కారణాలు చాలు. మిగిలింది కారణం తెలియని..."

"ఆ మాట ఎత్తరాదని ఉత్తర్వు" అన్నారు కామాక్షయ్య.

జిలానీ కుర్చీలో ముందుకు జరిగాడు. "అంతా బాగుంది గానీ, షెడ్డు ఏడుంది ఇందులో? షెడ్డు లేకుంటే నీ గొర్రె ఆకాశంలో పండుకుంటాదా? నా రేకుల కింద నాలుగు నెల్లు నీడన ఉన్నింది. నా పేరు ఎయ్యాల."

న్యాయమే అనిపించింది అందరికీ. పాకలో కప్పు రేకు రకాన్ని నాలుగో కారణంగా చేర్చారు. వెంటనే ఆరోగ్య విభాగం డాక్టర్ సువర్చల, నట్టల మందు లేకపోతే మీ రేకు కింద ఎముకలు మాత్రమే మిగిలేవని గుర్తు చేశారు. నట్టల మందు అయిదోది. టీకా ఆరోది. తోటల విభాగంవారు గొర్రె నిలబడిన చోటు నుంచి ఎన్ని మొక్కలు కనబడతాయో లెక్కపెట్టి తెచ్చారు. పచ్చదనం చూస్తే ఆకలేస్తుందట. గ్రంథాలయం ఆవిడ తన దగ్గర గొర్రెల పత్రిక ఒకటి ఉందనీ, దాన్ని ఎవరూ చదవకపోయినా అది ఉండటం ఒక వాతావరణమనీ అన్నారు. కంప్యూటరు విభాగం ప్రతి గొర్రె దగ్గరా ఫోను పట్టుకుని నిలబడి సిగ్నలు గీతలు రాసుకొచ్చింది. కాపలా విభాగం గేటు దగ్గర వేసే ఈల ఏ గొర్రెకు ఎంత గట్టిగా వినబడుతుందో చెవిటి జమేదారు చేత కొలిపించింది.

"సమగ్ర దృక్పథం అంటే ఇది!" అన్నారు డైరెక్టరుగారు కళ్లు చెమర్చుతుండగా. "ఏ విభాగానికీ అన్యాయం జరగకూడదు."

రెండో సమావేశంలో నేను ఒక తప్పు చేశాను. నిజం చెప్పాను. కారణాలను ఒకదాని తర్వాత ఒకటి లెక్కలోకి తీసుకుంటే, ముందు నిలబడింది చేతికి దొరికిన తేడానంతా తన కిందే వేసుకుంటుందనీ, వెనకున్నవాటికి అది వదిలేసినదే దక్కుతుందనీ అన్నాను. కాబట్టి మేతను ముందు పెడదామన్నాను. అందరూ ఒకేసారి మాట్లాడారు. జిలానీ లేచి నిలబడ్డాడు. సువర్చలగారు తన టీ కప్పు పక్కకు జరిపి కళ్లజోడు తీశారు. ముందు ఎవరు?

కామాక్షయ్య చెయ్యెత్తారు. జీవితమంతా ఈ ప్రశ్న కోసమే ఎదురు చూసినట్టున్నారు. "సీనియారిటీ" అన్నారు.

సర్వీసు రిజిస్టర్లు తెప్పించారు. ఏ విభాగం పెద్ద ముందు ఉద్యోగంలో చేరితే ఆ విభాగం కారణం మోడల్‌లో ముందు నిలుస్తుంది. సర్వీసు రిజిస్టరు లేనివారికి మోడల్‌లో చోటు లేదు. ఇదంతా మినిట్స్‌లో రాసుకున్నారు. తీరా చూస్తే మా కేంద్రంలో అందరికన్నా సీనియరు జీపు డ్రైవరు కుళ్లాయప్ప. ముప్పై తొమ్మిదేళ్ల సర్వీసు. రవాణా విభాగానికి పెద్ద కూడా అతనే, ఆ విభాగంలో ఉన్నదీ అతనొక్కడే. గొర్రెలను పాత ఫారం నుంచి ట్రాలీ తగిలించిన జీపులో తెచ్చింది అతనే కాబట్టి, గొర్రె ట్రాలీలో ముందు నిలబడిందా వెనక నిలబడిందా అన్నది మోడల్‌లో మొదటి కారణమైంది. మేత విభాగం డాక్టర్ మాలకొండయ్య చేరి ఆరేళ్లే అయింది. పాపం చింతగింజలు ఆఖరి వరుసలో నిలబడ్డాయి.

"సార్, ప్రయోగమే చింతగింజల మీద కదా" అన్నాడు మాలకొండయ్య.

"సర్వీసు పెరిగేకొద్దీ ముందుకు వస్తారు లెండి" అని కామాక్షయ్య ఓదార్చారు.

లెక్క కట్టాను. చెప్పానుగా, ఓటు లేదు, టీ ఉంది. జీపు వల్ల ముప్పై ఒక్క శాతం. కనబడే మొక్కల వల్ల పద్నాలుగు. ఈల వల్ల తొమ్మిది. చింతగింజల వల్ల అర శాతానికి కాస్త తక్కువ. డైరెక్టరుగారు ఫలితాలు చూసి నిర్ఘాంతపోయి, వెంటనే రైతులకు కరపత్రం అచ్చు వేయించారు. 'గొర్రెల పెంపకంలో జీపు పాత్ర' అని దాని పేరు. నెలకోసారి గొర్రెను జీపులో ముందు వైపు నిలబెట్టి తిప్పవలెనని సిఫారసు. వారం తిరక్కుండా ఒక కాపరి ఫోను చేశాడు.

"సార్, మా ఊర్లో జీపు లేదు. ఆటో అయితే పర్వాలేదా?"

"ఆటో మీద ఇంకా పరిశోధన జరగలేదు" అని చెప్పాను. అది కూడా నిజమే.

ఆ సాయంత్రం నుంచి మా కేంద్రంలోనే సిఫారసు అమలైంది. కుళ్లాయప్ప ఇంటికి వెళ్లే ముందు నాలుగు గొర్రెలను ట్రాలీలో ఎక్కించుకుని ఆఫీసు చుట్టూ మూడు చుట్లు తిప్పేవాడు. ఉరుకుందు పక్కన పరుగెత్తుతూ పడకుండా పట్టుకునేవాడు. గొర్రెలు గాలికి ముఖం పెట్టి బాగానే ఉండేవట. మేం కిటికీలు మూసుకున్నాం.

ఇన్ని చేసినా పీడ వదల్లేదు. లెక్కలో ఒక్కో కారణం ఒక్కో పదం. సగటుతో కలిపి మోడల్‌లో ఇరవై మూడు పదాలు చేరాయి. గొర్రెలు ఇరవై నాలుగు. పాత ప్రయోగంలో ముప్పై ఎనిమిది శాతం ఉన్న కారణం తెలియని తేడా ఈసారి మూడుకు దిగింది. ఆ మూడూ దాదాపుగా ఒక్క గొర్రె మీదే వచ్చి కూర్చున్నాయి. పదిహేడో నంబరు. ఇరవై మూడు పదాలు కలిసి మోసినా అది ఇంకా అయిదు కిలోలు ఎక్కువే తూగింది.

"ఇంకొక్క కారణం వేస్తే?" అన్నారు డైరెక్టరుగారు.

"సున్నా అవుతుందండీ. గొర్రెలెన్నో పదాలూ అన్నే అయితే ఏమీ మిగలదు. అది గొప్ప కాదండీ. మా వీధిలో వాళ్ల ఫోను నంబర్లు వేసినా మిగలదు. ఏమీ మిగలకపోతే మనకేమీ తెలియనట్టే లెక్క. చింతగింజలు పని చేశాయో లేదో..."

"సున్నా సాధ్యమేనన్నమాట!" అన్నారాయన. మిగతాది వినబడలేదు.

కానీ విభాగాలన్నీ అయిపోయాయి. మిగిలింది గొర్రెలను చూసుకునే ఉరుకుందు ఒక్కడే. అతన్నే కారణంగా వేద్దామని సువర్చలగారు అన్నారు. కామాక్షయ్య తల అడ్డంగా ఊపారు. రోజుకూలీకి సర్వీసు రిజిస్టరు లేదు, రిజిస్టరు లేనిదే మోడల్‌లో చోటు లేదు. అయితే సంజాయిషీ అడగడానికి రిజిస్టరు అక్కర్లేదు. అతన్ని పిలిపించారు.

ఉరుకుందు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"పదిహేడో నంబరుకు దొంగతనంగా ఎక్కువ మేత వేశావా?" అన్నారు డైరెక్టరుగారు.

"ఎయ్యలేదు సార్. అది సూడిది."

"ఏమిటి?"

"సూడి గొర్రె సార్. కడుపుతో ఉండాది. ఇంకో నెల్లో ఈనతాది. నేను ఈ సారుకు శానా తూర్లు సెప్పినా" అని నా వైపు చూపించాడు.

చెప్పిన మాట నిజం. చెప్పినప్పుడల్లా, గొర్రెల గురించి నాకు అభిప్రాయాలు చెప్పవద్దు, అంకెలు మాత్రమే చెప్పు అని కిటికీ మూశాను. అది శాస్త్రం. ఆ పూట నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సువర్చలగారు కళ్లజోడు తుడుచుకున్నారు. మందులన్నీ ఆవిడ జాబితా చూసి ఉరుకుందు చేతికి పంపేవారే గానీ, పాకకు వెళ్లిందీ లేదు, గొర్రె పొట్ట మీద చెయ్యి వేసిందీ లేదు. "చూడి ఏ విభాగం కిందికి వస్తుంది?" అన్నారావిడ.

"పునరుత్పత్తి విభాగం" అన్నారు కామాక్షయ్య. "ఆ పోస్టు మూడేళ్లుగా ఖాళీ. అధికారి లేని విభాగం నుంచి కారణం స్వీకరించడానికి వీల్లేదు."

"అయినా ఈ పాకలో మగ గొర్రే లేదు కదా" అన్నారు డైరెక్టరుగారు. "అదెట్లా సాధ్యం?"

"నాకేం తెల్సు సార్, రోజూ దాని పొట్ట సూస్తాండా. అది సూడిదే" అన్నాడు ఉరుకుందు.

నోటిమాట పనికిరాదన్నారు. ఏడు దినములలోగా రాతపూర్వక సంజాయిషీ ఇవ్వాలి, దాంట్లో ఖాళీ పోస్టుల ప్రస్తావన ఉండకూడదు, లేకపోతే తొలగింపు. మెమో చేతికిచ్చి సంతకం తీసుకున్నారు. అక్కడే, అదే బల్ల మీద, అతని చేతికి జానెడు దూరంలో నాలుగు పేర్ల ఫైలు ఉంది. దాని మీద నీళ్ల గ్లాసు పెట్టుకున్నారు డైరెక్టరుగారు.

సాయంత్రం కిటికీ దగ్గరికి వచ్చాడు. బరువుల కాగితం ఇచ్చాడు గానీ సంతకం సంగతి అడగలేదు. "సార్, ఒగ మాట. గొర్రె కడుపైతే మనిషి పనెందుకు పోతాది? నీకు లెక్క తెల్సు కదా, సెప్పు" అన్నాడు.

సిగ్గేసింది. అతను ఎవరి మీదా అరవకపోవడం ఇంకా సిగ్గనిపించింది. ఒక కాగితం తీసి సంజాయిషీ నేనే రాసిస్తానన్నాను. వద్దన్నాడు. "దాని పొదుగు సూస్తాంటే నెల గాదు సార్, వారం పట్టదు. తొందరగానే ఉండాది. నువ్వు రాసేకన్నా అదే బాగా సెప్తాది" అని వెళ్లిపోయాడు. నెల అని అందరి ముందూ ఎందుకన్నాడో తర్వాత అర్థమైంది. వారమని చెబితే గడువు తగ్గించి, అది ఈనకముందే అతన్ని తీసేసేవారు.

ఏడో రోజు పెద్దసారు మళ్లీ వచ్చారు. రాష్ట్రంలో తొలిసారిగా సున్నా సాధించబోతున్న కేంద్రమని డైరెక్టరుగారు రాసిన ఉత్తరం చూసి, సన్మానించి వెళదామని శాలువా కూడా తెచ్చారు. ఉదయం పదకొండు గంటలకు డైరెక్టరుగారి గదిలోనే సభ. ఉత్తర్వు ప్రకారం పన్నెండు గంటలకు ఉరుకుందు గడువు తీరుతుంది, అతన్ని తొలగిస్తారు, తొలగింపే కారణంగా నమోదవుతుంది, తేడా సున్నా అవుతుంది. కామాక్షయ్య తొలగింపు కాగితం టైపు చేయించి సిద్ధంగా పెట్టుకున్నారు.

పదకొండున్నరకు తలుపు తోసుకుని ఉరుకుందు వచ్చాడు. మోచేతుల దాకా తడి. చేతుల్లో తువ్వాలు, తువ్వాల్లో పిల్ల. తల్లి నాకడానికి కూడా సమయమివ్వలేదేమో, నల్లటి వంకీల వెంట్రుకలు ఇంకా ఒంటికి అతుక్కునే ఉన్నాయి.

"సంజాయిషీ తెచ్చినా సార్" అని దాన్ని నాలుగు పేర్ల ఫైలు మీద, నీళ్ల గ్లాసు పక్కన పెట్టాడు.

పిల్ల లేవబోయి, జారి, మళ్లీ లేచి, పెద్దసారు ముఖంలోకి చూసి అరిచింది. పదకొండేళ్లలో నేను చూసిన మొదటి గొర్రె అది. నాకు ఎడాపెడా అభిమానం పుట్టుకొచ్చింది.

"రాతపూర్వకంగా లేదు" అన్నారు కామాక్షయ్య నీరసంగా.

"కానీ తండ్రి ఎవరు?" అన్నారు డైరెక్టరుగారు. "పాకలో పొట్టేలు లేదే!"

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ కుళ్లాయప్ప గొంతు సవరించుకున్నాడు. "నా తప్పే సార్. నాలుగు ట్రిప్పుల్లో ఇరవై మూడు తెస్తి. ఒగటి మిగిల్య. దానికోసం మళ్ల ట్రిప్పెందుకని, ప్రదర్శన నుంచి మన బౌమతి వొచ్చిన పొట్టేలును తెస్తాండే రోజు దాన్ని గూడా అదే ట్రాలీలో ఎక్కిస్తి. దావలో జీపు ఆపి టీ తాగితి. అరగంటే సార్. అదే పదిహేడో నంబరు. ఈ పొద్దుకు సరిగ్గా అయిదు నెల్లు."

పెద్దసారు కుర్చీలోంచి లేచారు. ఆయన మోడల్ కాగితం చేతికి తీసుకుని, మొదటి వరుస మీద వేలు పెట్టారు.

"మీ మోడల్ మొదటి నుంచీ ఇదే చెబుతోంది కదయ్యా! బరువుకు ప్రధాన కారణం జీపు!"

చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కుళ్లాయప్ప కొట్టాడు. రవాణా విభాగం కింద 'టీ విరామం' అని ఇరవై నాలుగో పదం చేరింది. గొర్రెలు ఇరవై నాలుగు, పదాలు ఇరవై నాలుగు. సున్నా. పెద్దసారు శాలువా మడతలు విప్పారు. కామాక్షయ్య తొలగింపు కాగితాన్ని జేబులో పెట్టుకున్నారు. ఉరుకుందు బతికిపోయాడు గానీ, పిల్లను తీసుకుని మళ్లీ రోజుకూలీగానే బయటికి నడుస్తున్నాడు. శ్రావణానికి ఇంకా పది రోజులే ఉంది.

అప్పుడు నేను లేచాను. ప్రత్యేక ఆహ్వానితుడు లేవకూడదు, కానీ లేచాను.

"ఒక చిన్న ఇబ్బంది ఉందండీ. ప్రయోగంలో ఇప్పుడు జీవాలు ఇరవై అయిదు."

శాలువా ఆగింది.

"ప్రయోగపు పాకలో పుట్టిన పిల్లను మంద రిజిస్టరులో చేర్చి తీరాలి కదండీ?" అని కామాక్షయ్యను అడిగాను.

"చేర్చి తీరాలి" అన్నారాయన. నియమం వినబడితే ఆయన ఆగలేరు.

టపాలు తూచే త్రాసు తెప్పించి పిల్లను తూచాం. రెండు కిలోల ఆరు వందలు. దానికి రేకు లేదు, మందు లేదు, ఈల వినలేదు, జీపెక్కలేదు. మా ఇరవై నాలుగు పదాల్లో ఒక్కటీ దానికి వర్తించదు. "కారణం తెలియని తేడా మళ్లీ వచ్చిందండీ. దీన్ని తల్లి కడుపులోంచి చేత్తో పట్టి తీసింది ఉరుకుందు. అతనొక్కడే దీనికి కారణం. కానీ ఏం లాభం, అతనికి సర్వీసు రిజిస్టరు లేదు" అని నిట్టూర్చాను. ఆ నిట్టూర్పు ఇంట్లో రెండుసార్లు సాధన చేసుకుని వచ్చాను.

"రిజిస్టరు తెరిస్తే?" అన్నారు పెద్దసారు.

"పర్మనెంటు అయితే తెరవొచ్చు" అన్నారు కామాక్షయ్య.

"మరి చేయండి! నాకు ఒంటిగంటకు బండి ఉంది!"

డైరెక్టరుగారు నీళ్ల గ్లాసు తీసి, ఫైలు తెరిచి, ఉత్తరీయంతో గొర్రెపిల్ల తడి తుడిచి, మొదటి పేరు ఎదురుగా సంతకం పెట్టారు. మొదటి పేరుకే పెట్టారు. పిల్ల ఒకటే కదా అన్నారు. ఏడాదిగా చూస్తున్న మంచి రోజు అరనిమిషంలో వచ్చింది. ఉరుకుందు ఆ సంతకం వైపు వంగి చూశాడు. తర్వాత పిల్లను తువ్వాలుతో సహా ముఖానికి అదుముకుని, అలాగే చాలాసేపు నిలబడ్డాడు. ఏడ్చాడో లేదో నేను చెప్పలేను, పిల్ల అడ్డంగా ఉంది.

పెద్దసారు శాలువా డైరెక్టరుగారి భుజాల మీద వేస్తున్నారు. సరిగ్గా అప్పుడు పాక ఊడ్చే లక్షుమక్క పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఫైలులో రెండో పేరు ఆవిడదే.

"యో ఉరుకుందూ! బిర్న రా! అది ఇంకో పిల్లను కూడా ఈనింది! నేనే పట్టి తీసినా!"

డైరెక్టరుగారు శాలువాలోంచి చెయ్యి బయటికి తీసి, మూత పెట్టిన కలం మళ్లీ విప్పారు. అందరూ బల్ల మీది ఫైలునే చూస్తుండగా నేను నడుచుకుంటూ పాకకు వెళ్లాను. రెండు వందల అడుగులు. పదిహేడో నంబరు అలసిపోయి గడ్డి నములుతోంది. పాక బయట ఫైలులోని మిగతా ఇద్దరు రోజుకూలీలు, బీమప్ప, నారాయణమ్మ, లోపలికి తొంగి చూస్తూ నిలబడ్డారు. పదిహేడో నంబరు పొట్ట వైపు చూసి, ఇంక లేవా సార్ అని అడిగారు. లేవన్నాను. వాళ్ల ముఖాలు నాకు బాగా గుర్తుండిపోయాయి.

కొత్త ప్రయోగానికి గొర్రెలను తేవడానికి మొన్న సోమవారం జీపు బయల్దేరింది. కుళ్లాయప్ప తాళం తిప్పుతుంటే నేను పక్కన నిలబడి, బహుమతి పొట్టేలు ఊరికే కట్టేసి ఉంది, గాలి మార్పు కోసం దాన్ని కూడా తీసుకుపొమ్మన్నాను. దారిలో ఆ అంగట్లో టీ బాగుంటుందట కదా అన్నాను. ఉంటుందన్నాడు.

"అయితే తొందరేం లేదు కుళ్లాయప్పా" అన్నాను. "ఈసారి నిదానంగా రెండు టీలు తాగు."